ఒక్కసారే తొడిగిన షేర్వాణీ

జూన్ వచ్చిందంటే షఫీయుద్దీన్‌కు తల ఎత్తే తీరిక ఉండదు. బడులు తెరిచీ తెరవగానే నారాయణఖేడ్‌లోని ప్రతి తల్లీ పిల్లవాడికి రెండు సైజులు పెద్దదైన ప్యాంటు కొంటుంది. దాన్ని మూడేళ్లు తొడిగించాలని నిశ్చయించుకుని తిన్నగా ఆయన దగ్గరికి వస్తుంది. "కురచ చెయ్యి చాచా, గని కత్తెర పెట్టకు. లోపలికి మడువు" అంటుంది. ఆయన మడుస్తాడు. సోమవారం మధ్యాహ్నానికి ఆయన మిషను పక్కన ముప్పై దాకా ప్యాంట్లు పోగుబడ్డాయి.

ఆయన మిషను జుబేర్ దుకాణం అరుగు మీద, రేకుల నీడలో ఉంటుంది. జుబేర్ ఆయన తమ్ముడి వరస వాడి కొడుకు. రెండేళ్ల కిందటి దాకా ఫోన్లకు కవర్లు అమ్మేవాడు. ఇప్పుడు పాత బట్టలు అమ్ముతున్నాడు, అదీ ఫోన్లోనే. సంగమ్మ అని ఒకావిడ నెత్తిన గంప పెట్టుకుని ఊళ్లు తిరిగి, స్టీలు సామాన్లిచ్చి పాత బట్టలు తెస్తుంది. అందులోంచి జుబేర్ నాలుగు ఏరుకుంటాడు. షఫీయుద్దీన్ మనవరాలు సుమయ్య వాటికి ఫోటోలు తీసి, కింద నాలుగు మాటలు రాసి పెడుతుంది. డిగ్రీ అయ్యాక ఆ పిల్లకు దొరికిన మొదటి ఉద్యోగం అది, రెండు నెలలైంది.

"దాదా, గిది సూడు" అంటూ సుమయ్య టిఫిన్ డబ్బాతో పాటు ఫోను కూడా తెచ్చి తాత ముందు పెట్టింది. "పొద్దుగాల పెట్టిన. అప్పుడే నాలుగు వందల మంది సూసిన్రు. మస్తు రాసిన, ఇను."

ఆ పిల్ల గొంతు సవరించుకుని చదివింది. "వింటేజ్ రాయల్ షేర్వాణీ. నిజాం కాలం నాటిది. నవాబు వంశీకుల హెయిర్‌లూమ్. మ్యూజియం క్వాలిటీ. అన్‌టచ్డ్, వంద శాతం ఒరిజినల్. ఒక్కసారే తొడిగినది. దర్బారు దర్జీ చేతి పని. అలాంటి దర్జీలు ఇప్పుడు లేరు."

చివరి వాక్యాన్ని సుమయ్య కొంచెం సాగదీసి చదివింది. మిగతా మాటలన్నీ వేరేవాళ్ల పేజీల్లోంచి ఏరుకొచ్చినవి. అదొక్కటే సొంతం.

"వింటేజ్ అంటే ఏందే?" అన్నాడు షఫీయుద్దీన్ రొట్టె తుంచుతూ.

"పాతది."

"హెయిర్‌లూమ్?"

"ఇంకా పాతది."

"మరి అన్‌టచ్డ్ అంటే?"

"ఎవలు ముట్టంది. అంటే కుట్టినప్పుడు ఎట్లుందో గట్లనే ఉన్నదని. గియ్యన్ని రాస్తేనే కొంటరు దాదా. ఉత్త పాత షేర్వాణీ అని రాస్తే ఎవలు సూస్తరు?"

"నాకు గూడ డెబ్బై ఒకటి పడ్డయి. నా మీద గూడ జర ఏమన్న రాయరాదు" అన్నాడాయన. సుమయ్య నవ్వి, రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసి చూపించింది. ముదురు ఆకుపచ్చ బట్ట, అందులోనే కలిసిపోయే రంగులో సన్నటి బుటాలు. గుండీల వరస దగ్గరికి రాగానే షఫీయుద్దీన్ నోట్లోని ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

గుండీ దూర్చే కాజాకు మామూలు దర్జీలు ఒక కొసనే అడ్డంగా బిగిస్తారు. ఈ కాజాలు రెండు కొసలా బిగించి ఉన్నాయి. అట్లా బిగించమని బీదర్‌లో పని నేర్పిన ఉస్తాద్ ఆయనను చెక్క స్కేలుతో వేళ్ల మీద కొట్టి మరీ నేర్పాడు. ఆ ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని ఈ పక్కకు వచ్చినవాడు ఆయన ఒక్కడే.

ఆయన చేతులు కడుక్కుని దుకాణంలోకి వెళ్లాడు. షేర్వాణీ ఒక తలలేని ప్లాస్టిక్ బొమ్మ మీద తొడిగి ఉంది. కాలరు వెనక వేలు పెట్టి చూశాడు, చంక కింద కుట్టు తడిమాడు. కళ్లకు ఏమైనా అనుమానం మిగిలిందేమో గానీ వేళ్లకు మిగల్లేదు.

"జుబేర్, గిది నేను కుట్టిన" అన్నాడు.

"ఎప్పుడు చాచా?"

"నీకు పాలపండ్లు ఊడుతున్నప్పుడు. కల్హేర్ల ఉండే అంజద్ పెండ్లికి."

జుబేర్ ముందు వాకిలి వైపు చూశాడు. సుమయ్య అరుగు మీద డబ్బా సర్దుకుంటోంది. అతను గొంతు తగ్గించాడు. "ఎవలికన్న చెప్పినవా?"

"ఇప్పుడే గద నాకే తెల్సింది."

"చెప్పకు చాచా. దండం పెడుత. గురువారం దీన్ని సూడనీకి పార్టీ వస్తుంది. హైదరాబాద్‌కెల్లి ఫోన్ చేసిన్రు. సంగమ్మ దీన్ని మూత ఉన్న స్టీలు డబ్బా ఇచ్చి తెచ్చింది, గాళ్లు నిజాం ధర పెడుతుండ్రు. సుమయ్య జీతం గూడ గీ పైసలకెల్లే."

"నిజాం ఏందిరా మధ్యల? కుట్టింది నేనైతే!"

"నువ్వే కుట్టినవు, ఎవలు కాదన్నరు? గని నీ పేరు రాస్తే ఎవలు కొంటరు? కోపం చేసుకోకు చాచా, షఫీ దర్జీ అంటే ప్యాంట్లు కురచ చేసేటోడు అంటరు. నిజాం దర్జీ అంటే పైసలు తీస్తరు. పని నీదే ఉంటది, పేరు ఇంకొకనిది ఉంటది. నీకేం పోయింది?"

షఫీయుద్దీన్ బొమ్మ మీది షేర్వాణీకి విడిపోయి ఉన్న పై గుండీని పెట్టాడు. "మంచిది. నేను నోరు తెరువ" అన్నాడు.

"జబాన్?"

"జబాన్."

ఆ బజార్లో కాగితం మీద రాసుకున్న మాట తప్పినవాళ్లున్నారు గానీ నోటి మాటగా జబాన్ ఇచ్చి తప్పినవాళ్లు తక్కువ. ఆయన వచ్చి మిషను ముందు కూర్చున్నాడు. మడిచిన ప్యాంటునే మళ్లీ మడిచి కుట్టబోయి నాలుక కరుచుకున్నాడు. నీకేం పోయింది అన్న మాట ఆయనకు నిజంగానే గుచ్చుకుంది. ఆయనను షేర్వాణీ కుట్టమని ఎవరైనా అడిగి పదకొండేళ్లయింది. జహీరాబాద్‌లో రెడీమేడ్ దొరుకుతుంది, హైదరాబాద్‌లో కిరాయికి కూడా దొరుకుతుంది. దానికి ఆయన ఎప్పుడూ ఎవరినీ ఏమీ అనలేదు. కాలం మారింది, మారనీ అనుకున్నాడు. కానీ చేసిన పని ఎదురుగా వేలాడుతుండగా, చేసినవాడు ఎప్పుడో పోయాడని రాస్తే, అదీ సొంత మనవరాలే రాస్తే, ఎవరికి మాత్రం ఎట్లా ఉంటుంది?

మంగళవారమంతా ఆయన మాట్లాడలేదు. ఒక తల్లి "చాచాకు పాణం బాలేదా?" అని సుమయ్యను అడిగింది. బుధవారం పొద్దున సుమయ్యే ఒక సాకు తెచ్చుకుని పక్కన స్టూలేసుకుని కూర్చుంది. తన కుర్తాకు గుండీ నిలవడం లేదు, కాజా సాగిపోయింది.

షఫీయుద్దీన్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. పాత దారం పీకేసి, కొత్త దారానికి మైనం రాసి, చీలిక అంచు వెంబడి కుట్టసాగాడు. ప్రతి కుట్టుకూ దారం మెలిక వేసి చిటికెన వేలితో పక్కకు లాగుతాడు. అట్లా లాగినప్పుడు అంచు మీద చిన్న ముడి పడుతుంది. ముడి పక్కన ముడి, ఆవగింజ కూడా పట్టనంత దగ్గరగా. ఒక కొసకు వచ్చాక అడ్డంగా మూడు పోగులు వేసి బిగించాడు. ఈ పక్కకు తిరిగి వచ్చి రెండో కొస కూడా బిగించాడు.

సుమయ్య చూస్తూనే ఉంది. ఆ పిల్ల రెండు రోజులుగా షేర్వాణీ కాజాలకు దగ్గర నుంచి ఫోటోలు తీసి తీసి ఉంది. నెమ్మదిగా ఫోను తీసి, తెరిచి, తాత చేతిలోని కుర్తా పక్కన పెట్టింది. ఫోన్లో ఒకటి, చేతిలో ఒకటి. రెండూ ఒక్క చేతివే.

"దాదా…"

"లేటైతుంది, పని సూసుకో పో బిడ్డా" అన్నాడాయన తల ఎత్తకుండా. పళ్లతో దారం తెంపి కుర్తా ఆమె ఒళ్లో పెట్టాడు.

సుమయ్య లేచి లోపలికి పోయింది కానీ ఆ రోజు కొత్తగా ఏమీ రాయలేకపోయింది. జుబేర్ ఒక పాత శాలువా ఇచ్చి "దీనికి గూడ రాయల్ అని పెట్టు" అంటే, చూద్దాం అంది. అలాంటి దర్జీలు ఇప్పుడు లేరని రాసినందుకు సిగ్గుగా ఉంది. రాసింది తీసేస్తే జుబేర్ ఊరుకోడని భయంగానూ ఉంది.

గురువారం పదకొండు గంటలకు వాళ్లు ఆటోలో దిగారు. పెళ్లికొడుకు జేమ్స్, వాళ్లక్క రోజ. హైదరాబాద్ పార్టీ అంటే జుబేర్ ఎవరో దొరలనుకున్నాడు. తీరా చూస్తే పక్కనున్న సిర్గాపూర్ వాళ్లే. జేమ్స్ పట్నంలో గోదాములో సూపర్‌వైజరు, రోజ దవాఖానలో నర్సు. శనివారం సిర్గాపూర్‌లోనే పెళ్లి. పొద్దున చర్చిలో సూటు, సాయంత్రం రిసెప్షన్‌కు షేర్వాణీ.

"ఫోన్ల సూసి ఏ లక్నోలనో ఉందనుకున్నం. అడ్రస్ అడిగితే మన నారాయణఖేడ్ అన్నరు!" అన్నాడు జేమ్స్. మనిషి తలుపంత వెడల్పు, నవ్వు అంతకంటే వెడల్పు.

జుబేర్ షేర్వాణీని బొమ్మ మీద నుంచి పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తాడు. "నిదానం అన్నా. మ్యూజియం పీస్."

జేమ్స్ ఒక చెయ్యి దూర్చాడు, రెండో చెయ్యి దూర్చాడు, ముందుకు లాగాడు. గుండీకీ కాజాకూ మధ్య బెత్తెడు దూరం మిగిలింది. ఊపిరి బిగబట్టాడు. రెండు వేళ్ల దూరం తగ్గింది, అంతే.

"అప్పట్ల నవాబులు సన్నగుండేటోళ్లు" అన్నాడు జుబేర్. "గుండీలు పెట్టకుండ వదిలేస్తే అదొక స్టైలు అన్నా. ఓపెన్ మోడల్."

"ఊపిరి పీల్చుడు గూడ పాత మోడలేనా?" అంది రోజ. "పక్క కుట్లిప్పి వదులు చేపిస్తరా?"

జుబేర్ లెక్క వేసుకున్నాడు. విప్పితే అన్‌టచ్డ్ అన్నది పోతుంది. ఒరిజినల్ అన్నదీ పోతుంది. ఆ రెండూ పోతే ధర నిలబడేది దేని మీద? "ఇప్పితే దాని విలువ పోతదక్కా. ఎనభై ఏండ్ల సంది ఎవలు ముట్టలే" అన్నాడు.

"ముట్టకుంటే మేమేం చేసుకోవాలె దాన్ని? ఎల్లుండి పెండ్లి. తియ్యిరా జేమ్స్, పోదాం."

జేమ్స్ షేర్వాణీ విప్పుతూ అద్దంలో ఒకసారి చూసుకున్నాడు. అంత పెద్ద మనిషి మొహం చిన్నబోయింది. అరుగు మీద మిషను ఆగింది. నోరు తెరవనన్నాడు గానీ చేతులు కట్టుకుంటానని షఫీయుద్దీన్ ఎవరికీ చెప్పలేదు. మెడలో టేపు, చేతిలో సగానికి విరిచిన బ్లేడుతో లోపలికి వచ్చి, షేర్వాణీ అందుకుని బల్ల మీద బోర్లా పరిచాడు.

"చాచా!" అన్నాడు జుబేర్.

ఆయన వినిపించుకోలేదు. లోపలి అస్తరు అంచు ఎత్తి, చంక కింద బ్లేడు మొన పెట్టి, ఒక్కో కుట్టూ తెంపుతూ నడుము దాకా వచ్చాడు. బట్టను రెండు పక్కలకూ పరిచాడు. లోపల మడతపెట్టి దాచిన బట్ట నాలుగు వేళ్ల వెడల్పున విచ్చుకుంది. ఎండ తగలని చోట దాని ఆకుపచ్చ ఇంకా కొత్తగా మెరుస్తోంది. రెండో పక్కన ఇంకో నాలుగు వేళ్లు.

"అయితది" అన్నాడాయన.

రోజ వంగి చూసింది. దవాఖానలో రోజూ మనుషుల కుట్లు చూసే కన్ను అది. "గీ గీతలేంది? కుట్లిప్పిన మచ్చల లెక్కున్నయి. ఒకటి… రెండు… మూడు." తల ఎత్తి జుబేర్‌ను చూసింది. "ఒక్కసారే తొడిగిన్రన్నరు. మూడు సార్లు కుట్టిన్రు గద దీన్ని! ఎవలు రాసిన్రు గది?"

జుబేర్ చూపు సుమయ్య మీద పడింది. సుమయ్య ముందుకు వచ్చింది.

"నేనే రాసిన" అంది. "తెల్వక రాసిన. నిజాం లేడు, నవాబు లేడు. గిది మా దాదా కుట్టిండు." తన కుర్తా అంచు పట్టుకుని కాజా చూపించింది. షేర్వాణీ కాజా పక్కన పెట్టి మళ్లీ చూపించింది.

"నిజమేనా తాతా?" అని అడిగింది రోజ.

షఫీయుద్దీన్ జుబేర్ వైపు చూశాడు. "నేను నోరు తెరువ. జబాన్ ఇచ్చిన."

జుబేర్ స్టూలు మీద కూలబడ్డాడు. "ఇగ తెరువు చాచా" అన్నాడు. "తెరువకుండనే అంత చెప్పినవు."

ముందుగా జేమ్స్ నవ్వాడు. అప్పుడు షఫీయుద్దీన్ వేలితో ఒక్కో గీతనూ చూపించుకుంటూ చెప్పాడు. ఈ పక్కన షేర్వాణీ అంటే ఒక్క పెళ్లికొడుకుది కాదు, ఆ ఇంటిది. అన్నకు కుట్టింది తమ్ముళ్లకూ నడవాలి, అందుకే లోపల బట్ట దాచి కుడతారు. మొదటి గీత అంజద్‌ది, బక్కపలుచటివాడు. రెండోది వాడి తమ్ముడిది, కుస్తీలు పట్టేవాడు. వాడికోసం మూడు వేళ్లు వదిలాడు. మూడోవాడు మళ్లీ సన్నం, మళ్లీ లోపలికి పట్టాడు. మూడు పెళ్లిళ్లకూ ఆయనే కుట్టాడు, మూడు వలీమా విందుల్లోనూ భోజనం చేశాడు.

"ముగ్గురు మంచిగున్నరా?" అన్నాడు జేమ్స్.

"ముగ్గురికీ షుగరుంది. సంసారాలు మాత్రం మంచిగున్నయి."

రోజ నవ్వాపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. నవ్వుతూనే జుబేర్‌ను నాలుగు మాటలు అంది. చదువుకున్నవాళ్లను, అందులోనూ పక్క ఊరి వాళ్లను ఇట్లా మోసం చేస్తారా అంది. జుబేర్ తల వంచుకుని తిట్లన్నీ తిన్నాడు. ధర సగానికి దించితే మారు మాట్లాడలేదు.

"నిజాం దర్జీనే కుట్టి ఉంటే గిప్పుడు గాయన్ని యాడికని పోయి దేవులాడాలె?" అంది రోజ చివరికి. "నువ్వున్నవు, నయమైంది తాతా. పొద్దుగాల వస్తం. అయితదా?"

"అయితది" అన్నాడు షఫీయుద్దీన్. నువ్వున్నవు, నయమైంది అని ఆయనతో ఎవరూ అని ఎన్నాళ్లయిందో.

ఆ మధ్యాహ్నం వచ్చిన తల్లులందరూ ప్యాంట్లు తయారు కాలేదని గొణుక్కుంటూ వెళ్లారు. ఆయన వినే స్థితిలో లేడు. సుద్దతో కొత్త గీత గీశాడు. ముందు పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేసుకుని, తర్వాత చేత్తోనే అసలు కుట్టు కుట్టాడు. అస్తరు మళ్లీ మూశాడు. తడిగుడ్డ పరిచి పాత మడత గుర్తు మీద బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఆనించి, ఆవిరి లేచేదాకా ఉంచి ఎత్తాడు. అట్లా ఆరేడు సార్లు చేశాక గుర్తు పోయింది. సుమయ్య పక్కన కూర్చుని సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చింది.

శుక్రవారం పొద్దున జేమ్స్ వచ్చి తొడుక్కున్నాడు. కింది గుండీ నుంచి పై గుండీ దాకా ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాడు. అన్నీ పట్టాయి. గట్టిగా ఊపిరి పీల్చాడు, వదిలాడు, చేతులు పైకి లేపాడు, అక్క వద్దంటున్నా బల్ల చుట్టూ రెండు చిందులు వేశాడు. ఎక్కడా బిగుసుకోలేదు. షఫీయుద్దీన్ చుట్టూ తిరిగి చూసి, భుజం మీద ఒక దారపు పోగు కనిపిస్తే తీసేసి, చాలు అన్నట్టు తల ఊపాడు. వాళ్లు ఆటో ఎక్కుతూ రేపు సాయంత్రం అందరూ రావాలని మూడు సార్లు చెప్పారు. జుబేర్‌ను కూడా రమ్మన్నారు.

ఆటో మలుపు తిరిగాక జుబేర్ కాసేపు మొహం ముడుచుకుని నిలబడ్డాడు. తర్వాత లోపలికి పోయి, మూట విప్పి, పాత కోట్లు, లంగాలు, శాలువాలు చేతినిండా తెచ్చి మిషను మీద పడేశాడు.

"గీటిల గూడ నీవి ఏమన్న ఉంటే ఇప్పుడే చెప్పు చాచా. పార్టీ ముంగట నా ఇజ్జత్ తియ్యకు."

"సూస్త, ఆడ పెట్టు" అన్నాడు షఫీయుద్దీన్ నవ్వుతూ.

సుమయ్య అరుగు మీద కూర్చుని ఫోన్లో షేర్వాణీ పేజీ తెరిచింది. వింటేజ్ తీసేసింది. రాయల్ తీసేసింది. నవాబు పోయాడు, మ్యూజియం పోయింది, దర్బారు పోయింది. ఆఖరి వాక్యం దగ్గర వేలు కొంచెంసేపు ఆగింది. తర్వాత అదీ తీసేసింది. షేర్వాణీ అన్న మాట ఒక్కటే మిగిలింది.

"ఇప్పుడేం రాయాలె దాదా?"

"అమ్ముడుపోయిందని రాయి. గదైతే నిజమే గద."

సుమయ్య అది రాసింది. దాని కింద, ఎవరినీ అడక్కుండా, ఇంకో రెండు ముక్కలు రాసింది. కుట్టింది మా దాదా షఫీయుద్దీన్. ఇప్పటికి మూడు పెళ్లిళ్లు చూసింది, రేపు నాలుగోది.

ఆయన ప్యాంట్ల పోగులోంచి పైదాన్ని తీసి మడవడం మొదలుపెట్టాడు. నాలుగు ప్యాంట్లు కూడా కాలేదు, ఫోను కూసింది. సుమయ్య తీసి చూసి, మళ్లీ ఒకసారి చదువుకుంది.

"ఏమంటుండ్రు?" అన్నాడు నోట్లో దారం పట్టుకుని.

"బీదర్‌కెల్లి ఎవలో అడుగుతుండ్రు దాదా. గీ దర్జీ ఇంకా ఉన్నడా అని."

షఫీయుద్దీన్ దారం తీసి సూదిలో ఎక్కించాడు. ఎక్కించడానికి ఎప్పటికంటే కొంచెం ఎక్కువసేపు పట్టింది.

"ఉన్నడని రాయి" అన్నాడు. "ఇయ్యాల శుక్రవారం, నమాజ్‌కు పోతడు. రెండు దాటినంక రమ్మను."